పరభాషా కూలీలకు సహాయము : అమెరికా దేశపు అనుభవము

ఏటేట మాఘ ఫాల్గుణ మాసములలో మిరపకోతలు ముమ్మరమగును. ఆ దినములలో ఖమ్మము, భద్రాద్రి, ములుగు మున్నగు ప్రాంతముల మిరప గ్రామములకు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునుండి కూలివారు గుంపులు గుంపులుగా వచ్చెదరు. చేని గట్టుననో, తోపులోనో పాకలు వేసికొని, పిల్లాజెల్లాతో నుండి, కోతలు ముగియగానే తమ యూళ్లకు మరలిపోయెదరు. వీరిలో ననేకులకు తెలుగు రాదు. కొందరికి హిందీయు అంతంతమాత్రమే. గోండి, కోయ, హల్బీ మున్నగునవి వీరి యింటి భాషలు. గుంపునకొక మేస్త్రీ యుండును. రైతు చెప్పిన మాట మేస్త్రీ చెవినిబడి, అతని నోట మరియొక రూపము దాల్చి, కూలివారికి చేరును. కూలివారి మాటయు ఆ త్రోవనే రైతునకు రావలెను. మేస్త్రీ లేని వేళ ఇరువురకును సైగలే గతి.

పండుకాయను వేరుగా, తాలుకాయను వేరుగా ఉంచుమని చెప్పుటకు సైగ చాలవచ్చును. “నిన్న సాయంకాలము ఈ మడికి మందు కొట్టినాము, నేడు లోనికి పోరాదు” అని చెప్పుటకు సైగ చాలునా? “మీ పేర మేస్త్రీకి ముందుగా ఇచ్చిన సొమ్ము ఇంత, ఇంకను మీకు రావలసినది ఇంత” అని తెలుపుటకు చాలునా? అర్ధరాత్రమున బిడ్డకు జ్వరము వచ్చి ఒడలు తెలియకున్నప్పుడు ఆ తల్లి మన వాకిటికి వచ్చి యేమని చెప్పుకొనగలదు?

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. కూలీయొక్క భాష ఒకటియు, రైతుయొక్క భాష మరియొకటియునైన దేశములు ప్రపంచమున పెక్కులు గలవు. వానిలో అమెరికా సంయుక్త రాష్ట్రములు ముఖ్యమైనవి. ఆ దేశమున ఈ విషయమై ఎనుబది సంవత్సరములకు పైగా జరిగిన ప్రయత్నములను, అందలి లోపములను, లాభములను మన సభ్యులకు తెలిపి, పిదప మన సంఘములు చేయదగిన దానిని మనవి చేయుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

బ్రాసెరోలు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా యువకులు సైన్యములలోనికిని, యంత్రశాలలలోనికిని పోగా, పొలములలో కూలీలు కొఱవడిరి. అంతట ఆ ప్రభుత్వము పొరుగుదేశమగు మెక్సికోతో 1942 ఆగస్టు 4వ తేదీన ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ననుసరించి మెక్సికో పురుషులు కొన్ని మాసముల కరారుపై వచ్చి, పంటపనులు చేసి మరలిపోవుచుండిరి. వీరికి ‘బ్రాసెరోలు’ అని పేరు. స్పానిషు భాషలో ‘బ్రాసో’ యనగా భుజము. భుజబలముతో పనిచేయువాడని ఆ మాటకు అర్థము. 1964వ సంవత్సరాంతము వరకు, అనగా యిరువదిరెండేండ్ల పాటు, ఈ యేర్పాటు సాగెను. ఆ కాలమున వ్రాయబడిన కరారులు సుమారు 46 లక్షలు. ఒకే మనుష్యుడు పలుమారులు వచ్చుటయు గలదు గనుక, మనుష్యుల సంఖ్య అంతకు తక్కువ.

ఆ కరారుపత్రము ఇంగ్లీషునందును స్పానిషునందును ముద్రింపబడుచుండెను. కూలి, బస, భోజనపు ఖర్చు, తిరుగుప్రయాణము మున్నగు షరతులన్నియు దానిలో నుండెను. ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఆ కూలీలలో చదువురాని వారనేకులు. వందలకొలది జనము వరుసలుగా నిలుచు కేంద్రములలో ఒక్కొక్కరికి పత్రము చదివి వినిపించి, సందేహములు తీర్చు తీరిక యెవరికి నుండును? సంతకమో, వ్రేలిముద్రయో వేసి పొలమునకు చేరిన తరువాత, ఆ పత్రమున వ్రాసినది జరుగనిచో ఎవరితో చెప్పుకొనవలెనో వారికి తెలియదు. యజమానికి వారి భాష రాదు. వారికి యజమాని భాష రాదు. వారి ప్రభుత్వపు ప్రతినిధి యెక్కడనో దూరపు పట్టణమున నుండెడివాడు.

దీనికి ఒక్క దృష్టాంతము చాలును. తొలి సంవత్సరములలో బ్రాసెరోల కూలినుండి నూటికి పదివంతులు మినహాయించి, స్వదేశమున తిరిగి యిచ్చుటకై పొదుపు నిధిగా జమకట్టిరి. ఆ సొమ్ము పెక్కుమందికి ముట్టలేదు. తమ కూలినుండి అట్టి మినహాయింపు జరిగినదన్న సంగతియే ఎరుగని వారును ఉండిరి. అరువదేండ్ల తరువాత, 2000 సంవత్సరము దాటిన పిమ్మట, ఆ వృద్ధులును వారి బిడ్డలును సభలు జరిపి, న్యాయస్థానముల కెక్కవలసివచ్చెను. పత్రము రెండు భాషలలో నున్నంతమాత్రమున చాలదనియు, దానిని విప్పి చెప్పు మనుష్యుడు, అడిగినప్పుడు బదులిచ్చు చోటు ఉండవలెననియు ఈ కథ వలన తేలుచున్నది.

పొట్టి కామ తొలిక

కాలిఫోర్నియా రాష్ట్రమున సలీనాస్ అను లోయ గలదు. లెట్యూస్ అను ఆకుకూర అచట విస్తారముగా పండును. మొలకలను పలుచన చేయుటకును, కలుపు తీయుటకును అచటి కూలీలకు పొట్టి కామ గల తొలిక నిచ్చెడివారు. కామ పొడవు అడుగు, అడుగున్నర మాత్రమే. ఉదయము మొదలు సాయంకాలము వరకు నడుము రెండుగా వంచి పనిచేయవలెను. కొన్ని యేండ్లకు వెన్నెముక చెడి, నడివయసుననే పనికి దూరమైనవారు అనేకులు. పొడుగు కామ ఇచ్చినచో మొలకలు తెగునని రైతుల వాదము. ఎవడు నడుము నెత్తినాడో దూరమునుండియే కనిపెట్టవచ్చునన్నది మేస్త్రీల యభిప్రాయమని కూలీలు చెప్పుకొనెడివారు.

1966వ సంవత్సరమున ఆ రాష్ట్రపు పల్లెపట్టణములలో పేదలకు ఉచితముగా న్యాయసలహా నిచ్చుటకై ‘కాలిఫోర్నియా రూరల్ లీగల్ అసిస్టెన్స్’ అను సంస్థ ఏర్పడెను. స్పానిషు మాట్లాడు ఉద్యోగులు దాని కార్యాలయములలో నుండిరి. కూలీలు సాయంవేళ వచ్చి తమ భాషలో తమ గోడు చెప్పుకొనసాగిరి. ఆ సంస్థలోని మారిస్ జోర్డేన్ అను న్యాయవాదికి ఈ తొలిక సంగతి చెప్పిన వారును కూలీలే. వైద్యుల సాక్ష్యము పోగుచేయబడెను. రాష్ట్రపు అధికారులయొద్దను, పిమ్మట రాష్ట్రపు సుప్రీముకోర్టునందును వ్యవహారము నడచెను. తుదకు 1975వ సంవత్సరమున ఆ పొట్టి తొలిక నిషేధింపబడెను.

పొడుగు కామ వచ్చిన తరువాత పంట చెడినదా? చెడలేదు. సలీనాస్ లోయ నేటికిని ఆ కూరకు ప్రసిద్ధమే. కూలీల నడుములు మాత్రము నిలిచినవి. ఆ బాధ తరములనుండి యున్నదే. దానిని వారి నుడిలో విని, అధికారులకు అర్థమగు నుడిలో వ్రాయగల చోటు ఏర్పడిన తొమ్మిదేండ్లకు అది తీరినది. ఇచట రైతును దుష్టునిగా తలపనక్కరలేదు. పొట్టి తొలిక లేనిదే సేద్యము సాగదని అతడు నిజముగానే నమ్మియుండవచ్చును. కూలీ మాట అతని చెవికి అర్థమగు రూపమున చేరనందున ఆ నమ్మకము సరిదిద్దబడక నిలిచినది.

ముందుగా తెలుపవలసిన సంగతులు

1983వ సంవత్సరమున వలసకూలీల రక్షణకై ఆ దేశమున ఒక శాసనము చేయబడెను. కూలీని కుదుర్చుకొను సమయముననే కొన్ని సంగతులను వ్రాతమూలముగా తెలుపవలెనని దాని నిబంధన. పని యెచట? ఏ పంట? ఎన్ని దినములు? కూలిరేటు ఎంత? రాకపోకలకు ఏర్పాటేమి? బస యెట్టిది? దేనికైన సొమ్ము మినహాయింతురా? ఈ ప్రశ్నలకెల్ల ఆ పత్రమున జవాబుండవలెను. కూలీలకు ఇంగ్లీషు రానిచో, స్పానిషునందో వారిలో వాడుకగా నున్న మరియొక భాషయందో ఆ పత్రము నీయవలెను. కూలి చెల్లించినప్పుడెల్ల, పనిచేసిన గంటలెన్ని, ముక్కలెక్కనైనచో ఎన్ని బుట్టలు, మొత్తమెంత, మినహాయింపులు ఎందులకు ఎంత, చేతికి వచ్చినది ఎంత యని చీటీ వ్రాసి యీయవలెను.

నేడు ఆ దేశమునకు ‘హెచ్-2ఏ’ అను అనుమతిపై తాత్కాలికముగా వచ్చు వ్యవసాయ కూలీలు లక్షలకొలది. 2023వ సంవత్సరమున 3,70,000 కంటె ఎక్కువ పనులకు ప్రభుత్వము ఈ విధముగా సమ్మతి యిచ్చినది. వీరు స్వదేశమునుండి బయలుదేరుటకు ముందే కరారు ప్రతి వారికి అర్థమగు భాషలో వారి చేత నుండవలెనని నియమము. బస ఉచితము. కరారులోని పనిదినములలో నాల్గింట మూడువంతులకైనను పనియో, తత్సమానమైన కూలియో ఇచ్చి తీరవలెను. ఇంత యున్నను మోసములు జరుగుచునే యున్నవి. మధ్యవర్తులు స్వదేశముననే అప్పు తగిలించి పంపుటయు, ఫిర్యాదు చేసినచో మరుసటి యేడు పిలువరను భయమును అచట సామాన్యము. అయినను చేత కాగితమున్న కూలీకి నిలుచుటకు కొంత నేల యున్నది.

విషపు సీసాపై ఒక వాక్యము

పురుగుమందుల విషయమున ఆ దేశపు అనుభవము మనకు మిక్కిలి దగ్గరది. అచట మందుసీసాలపై నుండు వివరము చిరకాలము ఇంగ్లీషుననే యుండెడిది. అయితే ఎక్కువ విషము గల మందుల చీటీపై స్పానిషు భాషలో ఒక్క వాక్యము చేర్చవలెనని నియమముండెను. ఈ చీటీ నీకు అర్థము కానిచో, దీనిని నీకు వివరముగా విప్పి చెప్పగల వానిని వెదకికొనుమని దాని తాత్పర్యము.

రైతు సోదరులు ఈ వాక్యమును ఒకసారి ఆలోచింపవలెను. ఇది ప్రమాదమని ఆ కూలీకి తెలిసినది. కాని ఆ ప్రమాదమెట్టిదో తెలియలేదు. చెప్పువానిని అతడు ఎచట వెదకవలెను? చుట్టును చేలు, మాట్లాడువారెల్ల తనవలె భాష రానివారు, మేస్త్రీ మరియొక మడిలో నున్నాడు. ఆ చెప్పువాడు ఎవడను ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ సహాయ సంస్థల చరిత్ర యంతయు నని చెప్పవచ్చును.

1992వ సంవత్సరమున ఆ దేశపు పర్యావరణ శాఖ వ్యవసాయ కూలీల రక్షణకై నియమములు చేసెను. 2015వ సంవత్సరమున వానిని మరింత గట్టిపరచెను. కూలీలకు ఏటేట మందుల విషయమై శిక్షణ మీయవలెను. ఆ శిక్షణము వారికి అర్థమగు రీతిని, అవసరమైనచో దుబాసీ మూలముగా, జరుగవలెను. మందు కలుపువారికిని, కొట్టువారికిని పదునెనిమిదేండ్లు నిండియుండవలెను. కడుగుకొనుటకు నీరు, సబ్బు, తుడుచుకొనుటకు తువాళ్లు పొలముననే యుండవలెను. మందు కొట్టిన మడిలోనికి ఎంతకాలము పోరాదో ఆ మందునుబట్టి నిర్ణయింపబడి యుండును. ఆ కాలము దీర్ఘమైనచో చేని ప్రవేశమున పలక నాటవలెను. ఆ పలకపై చేయి యెత్తి ఆపుచున్న మనుష్యుని బొమ్మ యుండును. ‘అపాయము’, ‘లోనికి రాకుడు’ అను మాటలు ఇంగ్లీషునను స్పానిషునను ఉండును. అచటి కూలీలలో ఎక్కువమంది మరియొక భాష చదువువారైనచో స్పానిషునకు బదులుగా ఆ భాషనే వ్రాయవచ్చును. చదువేమియు రానివానికి ఎత్తిన చేతి బొమ్మయే చాలును.

ఇక సీసాపై నుండు చీటీ సంగతి. 2022 డిసెంబరులో చేసిన శాసనమును బట్టి, మందుచీటీలోని ఆరోగ్య రక్షణ భాగములు స్పానిషు భాషలోను అందుబాటున నుండవలెను. అతివిషములైన మందులకు ఈ నియమము 2025 డిసెంబరు 29వ తేదీ మొదలుకొని వర్తించునట్లును, తక్కిన వానికి క్రమక్రమముగా 2030 ప్రాంతము వరకు వర్తించునట్లును గడువులు పెట్టిరి. ఒక్క వాక్యమునుండి పూర్తి చీటీ వరకు వచ్చుటకు ఎంతకాలము పట్టినదో గమనింపుడు.

చెవికి చేరు మాట

కాగితము చదువరికే పనికివచ్చును. చదువురాని కూలీకి చెవియే దారి. ఈ సంగతి గుర్తెఱిగి, వాషింగ్టన్ రాష్ట్రమున యాకిమా లోయలోని గ్రేంజర్ అను చిన్న పట్టణమున 1979వ సంవత్సరమున ‘రేడియో కేడీఎన్ఏ’ అను స్పానిషు ప్రసారకేంద్రమును నెలకొల్పిరి. మరుసటి సంవత్సరము జూలై 4వ తేదీన కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున ‘రేడియో బిలింగ్వే’, అనగా రెండుభాషల రేడియో, ప్రారంభమయ్యెను. దీని స్థాపకుడు హ్యూగో మోరాలెస్. ఇతడు మెక్సికోలోని వాహాకా ప్రాంతపు మిష్టెక్ జాతివాడు. బాల్యమున కుటుంబముతో పొలముల పనిచేసి, పిదప హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, మరల తనవారి నడుమకు వచ్చినవాడు.

ఈ కేంద్రములు సంగీతముతో పాటు కూలిరేట్లు, చట్టములు, వైద్యశాలలు, పిల్లల బడులు, మందుల ప్రమాదములు మున్నగు వానిని గూర్చి కూలీల భాషలో చెప్పును. కూలీలు తామే ప్రశ్నలడుగుటకును అవకాశముండును. తెల్లవారకముందే పొలమునకు బయలుదేరు మనుష్యుడు పట్టణమునకు పోయి విచారింపలేడు. సమాచారమే అతని బస కడకు పోవలెను.

ఇచట ఒక పాఠము గలదు. స్పానిషు ప్రసారము మొదలిడిన తరువాత దానిని గ్రహింపలేని కూలీలును పెక్కుమంది యున్నారని తెలిసినది. మెక్సికోనుండి వచ్చినవారెల్ల స్పానిషు భాషవారని అమెరికా వారు తలచుచుండిరి. కాని వాహాకా కొండలనుండి వచ్చినవారి యింటి భాషలు మిష్టెక్, జాపోటెక్, త్రికీ మున్నగునవి. వారికి స్పానిషు వచ్చీరాని భాష. మిష్టెక్‌లోనే ఊరూరికి మాట మారును. ఆసుపత్రులలో స్పానిషు దుబాసీని పిలిచి కర్తవ్యము తీరినదని వైద్యులు తలచెడివారు; రోగి తల యూపుచుండెడివాడు; అతనికి అర్థమైనది స్వల్పము. నేడు రేడియో బిలింగ్వే మిష్టెక్ భాషలోను కార్యక్రమములు జరుపుచున్నది. ఆ భాషలవారినే దుబాసీలుగా తీర్చిదిద్దు సంస్థలును ఆ రాష్ట్రమున వెలసినవి.

మన కూలీలయందును ఇదియే జరుగుచున్నది. ఛత్తీస్‌గఢ్ వారనగా హిందీవారని మనము తలంచి, వచ్చీరాని హిందీలో నాలుగు ముక్కలు చెప్పి, వారు తల యూపగానే తృప్తిపడుచున్నాము. తల యూపుట అంగీకారమునకు గుర్తు కావచ్చును. భయమునకును గుర్తు కావచ్చును. చెప్పినదానిని వారిచేత తిరిగి చెప్పించుకొన్నప్పుడే అర్థమైనదో లేదో తెలియును.

రోగమును, బిడ్డల చదువును

1962వ సంవత్సరమున అధ్యక్షుడు కెన్నెడీ కాలమున వలసకూలీల ఆరోగ్య శాసనము చేయబడెను. తత్ఫలితముగా కూలీలు వచ్చు ప్రాంతములలో వైద్యశాలలకు ప్రభుత్వ ధనసహాయము లభించెను. పనివేళలు ముగిసిన తరువాత సాయంకాలము తెరచుట, కూలీల భాష వచ్చిన వారిని నియమించుట, కూలీలలోనే చురుకైన స్త్రీలకు తర్ఫీదు నిచ్చి పాకపాకకు పంపుట అను పద్ధతులు క్రమముగా వ్యాపించినవి. తమ నుడిలో తమవంటి స్త్రీ చెప్పిన మాటను కూలిస్త్రీలు విశ్వసించిరి.

1966వ సంవత్సరమున వలసకూలీల బిడ్డల విద్యకై ప్రత్యేక కార్యక్రమము మొదలయ్యెను. పంటలవెంట తిరుగు కుటుంబపు బిడ్డ ఒకే యేడు రెండు మూడు బడులు మారును. ఎచటను అతడు ఏమి చదివినదియు తెలియదు. కావున ఆ బిడ్డల చదువు వివరములను, టీకాల వివరములను ఒకచోట నుంచి, వారు చేరిన బడికి పంపు ఏర్పాటు 1969 ప్రాంతమున ప్రారంభింపబడి, పాతికేండ్లు నడచినది.

మరియొక సంగతి. బడికి పోయి ఇంగ్లీషు నేర్చిన బిడ్డలే తలిదండ్రులకు దుబాసీలగుట అచట సర్వసాధారణము. పదేండ్ల బాలిక తల్లి రోగమును వైద్యునకు చెప్పవలసివచ్చును. తండ్రి కూలి తగవును యజమానికి చెప్పవలసివచ్చును. ఇది తగదని అనుభవజ్ఞులు చెప్పుదురు. బిడ్డకు ఆ మాటలు తెలియవు. తెలిసినను కొన్ని మాటలు బిడ్డ నోట రాదగినవి కావు. అట్లే, కూలి తగవున మేస్త్రీ దుబాసీ కాజాలడు. తగవు అతనితోనే యుండవచ్చును గదా!

మనవారును పరదేశమున కూలీలే

ఇదెల్ల మనకేల యని కొందరనవచ్చును. తెలుగువారు పరభాషా దేశములలో కూలీలైన కథ మరవరానిది. కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన మనవారిని ఆ దేశమున ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. అచటను మేస్త్రీయే వారికి అప్పులవాడును, దుబాసీయు, దొరయు. 1903 మొదలు 1916 వరకు చెన్నపట్నమునుండి ఫిజీ దీవులకు పోయిన వారిలోను తెలుగువారుండిరి. ఇంగ్లీషున ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిట్’ అయినది. ఐదేండ్ల బ్రతుకును కట్టివైచిన ఆ పత్రముయొక్క పేరైనను వారికి సరిగా పలుక రాలేదు. పాలమూరు కూలీలు మట్టిపనులకై దేశమంతట తిరిగిన సంగతి మనకెల్లరకు తెలిసినదే.

మన దేశమున ఒరిస్సా ‘దాదన్’ కూలీల దుస్థితి కారణముగా 1979వ సంవత్సరమున అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేయబడెను. కంట్రాక్టరు ప్రతి కూలీకి ఛాయాచిత్రముతో కూడిన పాసుపుస్తకము నీయవలెననియు, పనిచోటు, పనికాలము, కూలిరేటు, మినహాయింపులు మున్నగునవి అందు హిందీ, ఇంగ్లీషులలోను, కూలీ భాష వేరైనచో ఆ భాషలోను వ్రాయవలెననియు దానిలో విధించిరి. నియమము చక్కనిది, దానిని కంటితో చూచిన కూలీలు అరుదు. ఆ చట్టము స్థానమున 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి వచ్చి, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చినది. చట్టము మన మిరపచేనికి వర్తించునా లేదా యను చర్చ ఇచట అనవసరము. మన చేనిలో మన పంట కోయువానికి మనము చెప్పవలసిన మాట చట్టమున్నను లేకున్నను చెప్పవలసినదే.

2020 మార్చి మాసాంతమున అంటురోగము వలన దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడు. మిరప గ్రామములలో చిక్కుకొన్న కూలివారు, తమకు ఎచట తిండి దొరకునో, ఎవరిని అడుగవలెనో, ఎన్నాళ్లు ఆగవలెనో తెలియక, అడవిదారుల కాలినడకన స్వగ్రామములకు బయలుదేరిరి. దారిలో ప్రాణములు కోల్పోయిన వారును గలరు. వారిలో కొందరినైనను ఒక్క నమ్మదగిన మాట వారి భాషలో ఆపియుండెడిది.

మన సంఘములు చేయదగినది

అమెరికా ప్రభుత్వమువలె ధనము వెచ్చించు శక్తి గ్రామ సహకార సంఘమునకు లేదు. కాని ఈ పనికి కావలసినది విశేష ధనము కాదు. ఈ క్రింది విషయములను పాలకవర్గములు ఆలోచింపవలెనని మనవి.

మొదటిది. కోతలకు ముందే దుబాసీని ఏర్పరచుకొనవలెను. కోయ భాషను గోండి భాషకు దగ్గరి చుట్టముగా పండితులు పరిగణించెదరు. భద్రాచలము, ములుగు ప్రాంతములలో తెలుగును కోయయు రెండును వచ్చిన యువకులు, యువతులు చదువుకొన్నవారే దొరకుదురు. కోతల రెండు మాసములకు అట్టి వారి నొకరిని సంఘము నియమించుకొనినచో, పది పన్నెండు గ్రామములకు సరిపోవును. ఆ వ్యక్తి మేస్త్రీకి బంధువు కాకుండుట మంచిది. స్త్రీలతో మాటలాడుటకు స్త్రీ యుండుట మరియు మంచిది.

రెండవది. ముఖ్యమైన సంగతులను ఆ భాషలో పలికించి సెల్‌ఫోనులో పట్టి యుంచవలెను. కూలిరేటు, విశ్రాంతివేళ, త్రాగునీటి చోటు, మందు కొట్టిన మడులు, ఆసుపత్రి త్రోవ మున్నగునవి అయిదారు నిమిషములలో చెప్పవచ్చును. ఒకసారి పట్టినది ప్రతి రైతునకును పంపవచ్చును. వచ్చిన ప్రతి గుంపునకును వినిపింపవచ్చును.

మూడవది. మందు కొట్టిన మడికి నాలుగు మూలల ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱలు పాతి, అవి యున్నంతవరకు లోనికి పోరాదని మొదటి దినముననే తెలియజేయవలెను. ఎన్ని దినములు ఆగవలెనో మందుచీటీ చూచియో, వ్యవసాయాధికారి నడిగియో నిర్ణయింపవలెను. మన దేశపు మందుడబ్బాలపై ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ అను నాలుగు రంగుల గుర్తులు గలవు. ఎఱుపు అతివిషము, ఆకుపచ్చ తక్కినవానికంటె తక్కువ విషము. డబ్బాలోని కరపత్రము తెలుగున నున్నను గోండి కూలీకి పనికిరాదు. రంగు మాత్రము ఏ భాషవానికైనను తెలియజెప్పవచ్చును. ఖాళీ డబ్బాలను పాకల దరికి పోనీయరాదు. అందు నీరు నింపుకొని త్రాగినవారికి అది విషమని చెప్పినవారు లేరు.

నాల్గవది. ప్రతి కూలీకి ఒక చిన్న లెక్కపుస్తకము. తేదీ, కోసిన కిలోలు లేదా పనిదినములు, రావలసినది, ఇచ్చినది అను నాలుగు గడులు చాలును. అంకెలు అందరకు తెలియును. వారమునకొకసారి మేస్త్రీ యెదుటను, దుబాసీ యెదుటను లెక్క చూడవలెను. ఇది రైతునకును రక్షణయే. కోతలు ముగిసిన దినమున పుట్టు తగవులలో పెక్కు లెక్క లేకపోవుట వలననే పుట్టుచున్నవి.

ఐదవది. సంఘ కార్యాలయపు గోడపై ముఖ్యమైన సంఖ్యలను పెద్ద అంకెలతో వ్రాయింపవలెను. అంబులెన్సుకు 108, అసంఘటిత కార్మికుల కొఱకు కేంద్రప్రభుత్వము 2021వ సంవత్సరమున నెలకొల్పిన ఈ-శ్రమ్ నమోదు విషయమై 14434. స్వరాష్ట్రపు రేషను కార్డుపై దేశమున ఏ చౌకదుకాణముననైనను బియ్యము తీసికొను ఏర్పాటు నేడు అన్ని రాష్ట్రములకును విస్తరించినది. ఈ సంగతి యెఱుగక అంగడిలో ఎక్కువ వెలకు బియ్యము కొనుచున్న కూలివారు గలరు. డీలరునకును, వారికిని ఈ మాట తెలియజేయుట సంఘ కార్యదర్శికి ఒక్కపూట పని.

ఆక్షేపణలకు సమాధానము

ఇన్నియు చెప్పినచో కూలీలు పెచ్చుపెరిగిపోవుదురని కొందరి భయము. కూలీకి తన రేటు తెలిసినంతమాత్రమున రైతునకు నష్టము లేదు. తెలియకుండుట వలన లాభపడువాడు నడిమివాడు. రైతు ఇచ్చిన సొమ్ములో కూలీకి చేరినదెంతయో రైతునకే తెలియని స్థితి నేడున్నది. వ్యాపారి, వడ్డీవాడు, దళారి యను నడిమివారి పట్టునుండి రైతు తప్పించుకొనుటకే గదా సహకార సంఘములు పుట్టినవి! మనము కోరుకొన్న న్యాయమునే మన చేనికి వచ్చినవారును కోరుకొనుట తప్పు కాదు.

ఇది రైతు లాభమునకును దారియే. తాలుకాయ కలసిన బస్తాకు యార్డులో వెల తగ్గుట మనకు తెలిసినదే. పచ్చికాయను, మెత్తనికాయను కలిపి కోసిన కూలీని తిట్టుచున్నాము. మొదటి దినమున అతని భాషలో నాలుగు మాటలు చెప్పియుండినచో ఆ నష్టము చాలవరకు తప్పెడిది. మరియు, లెక్క సరిగా చూచి, బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆసుపత్రికి త్రోవ చూపిన గ్రామమునకు ఆ కూలివారే మరుసటి యేడును పిలువకయే వచ్చెదరు. కూలీల కొఱత నానాటికి హెచ్చుచున్న యీ దినములలో ఇది స్వల్పలాభము కాదు.

అమెరికా మందుసీసాపై నుండిన ఆ వాక్యమును మరల తలచుకొందము. విప్పి చెప్పువానిని వెదకికొనుమని అది కూలీకి చెప్పినది. ఆ వెదకు భారమును పరదేశమున నున్న పేదవానిపై నుంచుట న్యాయము కాదు. ఆ చెప్పువానిని ముందుగా వెదకి యుంచుట పిలిచినవారి విధి. వచ్చు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు తెచ్చి, కోతలు మొదలగుటకు పూర్వమే ఒక దుబాసీని, ఒక లెక్కపుస్తకమును, నాలుగు ఎఱ్ఱగుడ్డలను సిద్ధపరచుకొనునని ఆశించుచున్నాము.